స్టేజీ నగలు, కాస్ట్యూములు మామూలు రోజుల్లో వేసుకునేవాళ్లున్నారా? కొన్ని కలిసిపోతాయి, కొన్ని వేషంలా ఉంటాయి, ఎందుకు?

పాపిటబిళ్ల అడిగారు:

అందరికీ నమస్తే. చిన్నప్పటి నుంచి కూచిపూడి చేస్తున్నాను. పెద్దయ్యాక ట్రైబల్ ఫ్యూజన్ (బెల్లీ డ్యాన్సులో ఒక శైలి) బృందంలోనూ చేరాను. పగలు ఆఫీసు పని. బీరువా ఒకటే గానీ అందులో ఇద్దరు మనుషుల బట్టలుంటాయి. ఒక వైపు బూడిద రంగు, నలుపు, నేవీ బ్లూ, మళ్లీ బూడిద రంగు. రెండో వైపు చిలకపచ్చ పట్టు, కెంపుల నగలు, నాణేలు కుట్టిన నడుం పట్టీలు, అద్దాల జాకెట్లు. తెలియనివాళ్లు తలుపు తీస్తే ఈ గదిలో ఇంకెవరుంటారని అడుగుతారు.

కొంతకాలంగా రెండో వైపు నుంచి ఒక్కొక్కటీ తీసి మామూలు బట్టలతో కలిపి వేస్తున్నాను. కొన్ని వెంటనే కలిసిపోతున్నాయి, కొన్ని ఎన్ని తిప్పలు పడ్డా వేషంలాగే ఉంటున్నాయి. తేడా ఎక్కడుందో అంతుపట్టడం లేదు.

కుదిరినవి ముందు చెబుతాను. బిగుతైపోయి పక్కన పెట్టిన పాత కాస్ట్యూమ్ జాకెట్టు ఒకటుంది. వంగపండు రంగు, చేతులకు వెడల్పాటి జరీ అంచు. పక్క కుట్లు విప్పించి వదులు చేయించి, గంజి పెట్టిన తెల్ల నేత చీర మీద వేశాను. ‘ఇవాళ ప్రోగ్రామా?’ అని ఒక్కరూ అడగలేదు, ‘జాకెట్టు ఎక్కడ కుట్టించావు?’ అని అడిగారు. మాటీలు కూడా కుదిరాయి. బరువు జుంకాలు తీసేసి, చిన్న ముత్యాల కమ్మలకు ఆ గొలుసు తగిలించి జుట్టులోకి దోపుకుంటే ఇంకో నగ అక్కర్లేదు.

ఇక కుదరనివి. వడ్డాణాన్ని పొడుగు కుర్తా మీద బెల్టులా పెట్టాను. నిలబడి అద్దంలో చూసుకుంటే అద్భుతం. కుర్చీలో కూర్చోగానే ముందు బిళ్ల పైఅంచు పొట్టలోకి దిగబడింది. మీటింగంతా నిటారుగా, ఎవరికో తీర్పు చెప్పబోతున్నట్టు కూర్చున్నాను. నాణేల పట్టీ సంగతి సరేసరి, ప్రింటర్ దాకా వెళ్లొస్తే ఫ్లోరంతటికీ తెలిసిపోయింది. అస్యూట్ శాలువా, అంటే వల లాంటి గుడ్డలో సన్నటి లోహపు రేకులు మడిచి నొక్కి నగిషీ చేస్తారే, ఆ ఈజిప్టు శాలువా, జీన్స్ మీద వేసుకుంటే ఎటూ తేలలేదు. నాకైతే ప్రాణం. ఒకావిడ మాత్రం ‘ఏంటి వేషం?’ అంది.

నాకు నేర్పినవాళ్లలో ఒకరు ‘రంగం మీద వేసేది రంగం మీదే ఉండాలి, వీధిలోకి తెస్తే దాని తేజస్సు పోతుంది’ అంటారు. ఆ మాట కొట్టిపారేయలేను, అలాగని ఒప్పుకోనూ లేను. మీరేమంటారు? పాత కాస్ట్యూములు కోసి వేరేగా కుట్టించుకోవచ్చా? చివరగా కాటుక. తోకలు తీసి తీసి చెయ్యి దానికే అలవాటు పడింది, మామూలుగా పెట్టుకుందామన్నా కణత దాకా వెళ్లి ఆగుతోంది. దీనికేమైనా మందుందా?

తకతరికిట:

‘ఇవాళ ప్రోగ్రామా?’ అంటే ‘ఔను, రోజూ’ అనండి. నేను అదే అంటాను. రెండోసారి ఎవరూ అడగరు.

కాటుకకు మందుంది. స్టేజీకి పెట్టుకునేటప్పుడు మనం రెప్ప మూసి, కంటి చివర చర్మాన్ని వేలితో పక్కకు లాగి గీస్తాం. వేలు వదలగానే గీత సర్దుకుంటుంది, అయినా పొడుగు పొడుగే. దూరం నుంచి చూపు ఎటు తిరిగిందో తెలియాలి కాబట్టి అక్కడ అది అవసరం. రోజూ పెట్టుకునేటప్పుడు వేలు అసలు ఆనించకండి. కళ్లు తెరిచి, అద్దంలోకి నేరుగా చూస్తూ పెట్టండి. కింది రెప్ప వంపు ఎక్కడ ముగుస్తుందో అక్కడే చెయ్యి తీసేయండి. నలుపు మానేసి గోధుమరంగు పెన్సిల్ వాడితే పొరపాటున తోక వచ్చినా ముదురుగా కనబడదు.

సూదీదారం:

పాపిటబిళ్ల గారూ, నేను ఆడడం తగ్గించి కాస్ట్యూములు కుట్టడంలోకి వచ్చినదాన్ని. కూచిపూడి, భరతనాట్యం ఎక్కువ, అప్పుడప్పుడూ బెల్లీ డ్యాన్స్ వాళ్లకీ కుడతాను. మీ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు వాటిలోనే కనిపించింది.

స్టేజీ మీద వేసే ప్రతిదీ చివరి వరసలో కూర్చున్నవాళ్ల కోసం తయారవుతుంది. చేతి అంచు నాలుగు వేళ్ల వెడల్పు ఎందుకు పెడతాం? రెండు వేళ్లు పెడితే ఆ లైట్లలో, అంత దూరంలో ఉన్నట్టే తెలియదు. ముందు కుచ్చు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం, కూర్చోగానే విసనకర్రలా విచ్చుకోవాలి, లేచాక మళ్లీ ముడుచుకోవాలి. అందుకే మడత మడతకీ ఇస్త్రీ చేసి, లోపలి వైపు కుట్టు వేసి పట్టి ఉంచుతాం. వడ్డాణం బిళ్ల అరచెయ్యంత ఉంటుంది, ఎందుకంటే నడుం ఎక్కడుందో అంత దూరానికి చూపించాల్సింది అదే. నాణేల మోత కూడా హాలు చివరి దాకా వినబడడానికే. ఇవన్నీ దూరానికి చేసినవి. ఆఫీసులో మిమ్మల్ని చూసేవాళ్లు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంటారు. వాళ్ల ముందు ఇవి పెడితే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినట్టే.

దగ్గరి నుంచి చూసేవాళ్లకు బాగుండేవి వేరే. గుడ్డ బిగువు, కుట్టు శుభ్రత, కోత. మీ వంగపండు జాకెట్టులో అవి ఉన్నాయి కాబట్టి నెగ్గింది. పైగా పక్కన గంజి పెట్టిన తెల్లచీర తప్ప ఇంకేమీ లేదు. మాటీలు ఇంకో రకంగా నెగ్గాయి. బరువు జుంకా తమ్మెను లాగేయకుండా ఆ బరువును జుట్టు మీదికి మళ్లించడానికి వచ్చినవి అవి. పని చేసే వస్తువు ఏ బట్ట మీదైనా ఇమిడిపోతుంది. అలంకారానికే ఉన్నది అయితేనే, నాకెందుకు వచ్చిన గొడవ అన్నట్టు నిలబడుతుంది.

నన్నడిగితే కాస్ట్యూము నుంచి తెచ్చుకోవాల్సిన అసలు సొత్తు పైకి కనబడేది కాదు. మీ జాకెట్టు తిరగేసి చంక దగ్గర చూడండి. మంచి చేతివాటం ఉన్నవాళ్లు కుట్టి ఉంటే, చెయ్యీ ఒళ్లూ కలిసేచోట చిన్న నలుచదరపు ముక్క, ఏటవాలు పోగు మీద కోసినది, వేసి ఉంటుంది. భుజాల ఎత్తున చేతులు చాపి ఎంతసేపు నిలబడ్డా జాకెట్టు కింది అంచు పైకి లేవకుండా ఆపేది ఆ ముక్కే. మామూలు జాకెట్లకు ఎవరూ వేయరు, పని ఎక్కువ. బస్సులో పైకమ్మీ పట్టుకోవాల్సినవాళ్లకు, పై అరలోంచి ఫైళ్లు తీయాల్సినవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? నేను నా జాకెట్లన్నిటికీ వేసుకుంటాను. అలాగే కాస్ట్యూము పైజామా కోత. కాళ్ల మధ్య గుడ్డ వదలకుండా కోస్తే మొదటి అరమండికే చిరుగుతుంది, కాబట్టి అక్కడ ధారాళంగా వదులుతాం. అదే కోతతో ముదురు నీలం నూలులో ప్యాంటు కుట్టించుకోండి. చూసినవాళ్లకు ప్యాంటే, మీకు మాత్రం కాస్ట్యూమే.

వడ్డాణం వదలబుద్ధి కాకపోతే, ఒకే రేకుగా వంచినది కాకుండా బిళ్లలను చిన్న చిన్న లింకులతో కలిపినది చూసుకోండి. కూర్చుంటే అది మీతో పాటు వంగుతుంది. నడుం సన్నగా ఉన్నచోట కాదు, నాలుగు వేళ్లు కిందికి, తుంటి ఎముక మీద జార్చి పెట్టండి. నాణేల పట్టీ కోయక్కర్లేదు. నాణెం మోగేది పైన ఒక్క చిల్లు దగ్గరే కుట్టడం వల్ల, కిందివైపు ఊగి పక్కదానికి తగులుతుంది. కింది అంచున కూడా ఒక కుట్టు పట్టించండి, నోరు మూసుకుంటుంది. అన్నిటికీ చేయించండి, లేదా అంచు వరస ఒక్కటీ వదిలేయండి. అంత మాత్రం సవ్వడి ఉంటే ముచ్చటగానే ఉంటుంది.

కోసుకోవచ్చా అన్నారు. రిటైరైన కాస్ట్యూమైతే కోసుకోండి. ఇంకా ప్రోగ్రాములకు వాడుతున్నదాన్ని మాత్రం బయటికి వేయకండి. ఇందులో నాకు మొహమాటం లేదు, నా దగ్గర కుట్టించుకున్నవాళ్లు అలా వేసుకొస్తే మొహం మీదే చెప్పేస్తాను. స్టేజీ మీద రెండు గంటలు లైట్ల కింద పట్టే చెమటే దానికి ఎక్కువ. దాని మీద ఎండ, సెంటు, భుజానికి బ్యాగు పట్టీ రాపిడి. జరీ అంటే పోగు చుట్టూ చుట్టిన సన్నటి లోహపు రేకు, బ్యాగు పట్టీ రోజూ ఒకేచోట రాస్తే ఆ రేకు లేచిపోయి లోపలి దారం బయటపడుతుంది. నకిలీ జరీ అయితే దానికి ముందే నల్లబడుతుంది. కెంపుల నగలదీ అదే కథ. మామూలుగా డ్యాన్సుకు వాడే సెట్లలో రాయి మెరిసేది దాని వెనక అద్దిన పల్చటి రేకు వల్ల. చెమ్మ వెనక నుంచి ఎక్కిందంటే రేకు మచ్చలు పడి రాయి గుడ్డిదవుతుంది, తుడిస్తే పోయేది కాదు. మెడకు తగిలే వైపు సన్నటి మల్లు గుడ్డ అతికించుకుంటే కొంత కాపాడుకోవచ్చు.

కోసే ముందు గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మడతల వెంట చూడండి. పాత పట్టు మొదట పగిలేది అక్కడే. సూదిబెజ్జాల్లాంటి వెలుగు చుక్కలు వరసగా కనిపిస్తే ఆ భాగం జాకెట్టుకు పనికిరాదు, కుషన్ కవరుకో సంచి అంచుకో వాడుకోండి. ఉతకడానికి వీల్లేని కాస్ట్యూము వాసన వస్తుంటే, నాటకాల కాస్ట్యూము విభాగాల్లో వాడే ఒక చిట్కా ఉంది. నీళ్లు కలిపిన వోడ్కాను చంకల దగ్గర లోపలి వైపు స్ప్రే చేసి గాలికి ఆరబెడతారు. ముందు ఎక్కడైనా మూల మీద వేసి రంగు దిగుతుందేమో చూసుకోండి. ఇంట్లోవాళ్లకు సీసా ఎందుకొచ్చిందో ముందే చెప్పడం మంచిది.

అస్యూట్ గురించి ఒక్క ముక్క. దాన్ని హ్యాంగరుకు మాత్రం వేలాడదీయకండి. రేకుల బరువుకు వల గుడ్డ సాగి, భుజాల దగ్గర చిరుగుతుంది. గుండ్రంగా చుట్టి పడుకోబెట్టండి.

పాతకాపు:

అమ్మాయీ, మీ గురువుగారి వయసు వాళ్లలో నేనూ ఒకదాన్నే అనుకుంటాను, కాబట్టి కాస్త చనువుగా చెబుతున్నాను. ‘వీధిలోకి తెస్తే తేజస్సు పోతుంది’ అన్నది వినడానికి గంభీరంగానే ఉంది. కానీ ఆ వస్తువులు రంగం మీదికి ఎక్కడి నుంచి వచ్చాయి? ఇవాళ భరతనాట్యానికి వేసే కుట్టిన కాస్ట్యూము 1930లలో నర్తకి రుక్మిణీదేవి అరండేల్ తీర్చిదిద్దిన పద్ధతిలోంచి వచ్చింది. ఆలయ శిల్పాలు చూసి, విసనకర్ర కుచ్చుతో. అంతకు ముందు నర్తకులు పైజామా మీద చీరే కట్టి ఆడేవారు. అలా ఆడిన నర్తకి బాలసరస్వతి ఫొటోలు చూడండి, చీర చీరలాగే కనబడుతుంది.

ఇది మన దగ్గరి సంగతే కాదు. స్పెయిన్ నాట్యం ఫ్లమెంకో చేసేవాళ్లు గిరగిరా తిప్పే కుచ్చుల శాలువా చైనాలో ఎంబ్రాయిడరీ అయ్యి, మనీలా మీదుగా ఓడల్లో స్పెయిన్ చేరి, అక్కడి ఆడవాళ్ల భుజాల మీద మామూలు శాలువాగా తిరిగింది. తర్వాతే నాట్యంలోకి వచ్చింది. నువ్వు చెప్పిన అస్యూట్ కూడా అంతే. నైలు ఒడ్డున అస్యూట్ అనే ఊరి పేరది. 1922లో టుటన్‌ఖామున్ సమాధి బయటపడ్డాక ఈజిప్టు వస్తువుల మీద మోజు పెరిగి, ఆ దశకంలో యూరప్, అమెరికా ఆడవాళ్లు దాన్ని పార్టీలకు వేసుకున్నారు. కాబట్టి ‘ఏంటి వేషం?’ అన్నావిడతో వాదన పెట్టుకోవద్దు గానీ, జీన్స్ మీద అస్యూట్ వేసుకుంటే నువ్వేమీ కొత్త తప్పు చేయడం లేదు. బయటి నుంచి వచ్చినదాన్ని మళ్లీ బయటికి పంపిస్తున్నావు, అంతే.

నాకు పట్టింపు ఒక్కచోటే ఉంది. గజ్జెలు. ఒక గజ్జె తీసి మెడలో గొలుసుకు వేసుకుంటాం, సంచికి తగిలిస్తాం అని పిల్లలు వస్తారు. బజార్లో విడిగా కొనుక్కున్నదైతే నీ ఇష్టం. నువ్వు కట్టి ఆడిన తాడులోంచి మాత్రం తీయకు. భక్తి కోసం అనడం లేదు. అది వాయిద్యం. నీ అడుగుకు సమాధానం చెప్పేలా ఏళ్ల తరబడి అమరిన వరస. కథక్ వాళ్లు ఒక్కో కాలికి నూరు, అంతకు పైన కూడా కడతారు కదా, ఒకటి తీస్తే ఏం పోయిందనుకోవచ్చు. తాడులో ఒక్కచోట ఖాళీ వస్తే పక్కవి జరుగుతాయి, ముడులు వదులవుతాయి, తర్వాత రెండు కాళ్లూ ఒకేలా పలకవు. తాళాలు వేస్తూ ఆడించే నట్టువాంగం వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట, ఇది మాత్రం వినాలి. పొడుగు పైటలు, మేలిముసుగులు, కుచ్చుల శాలువాలు బండి మీద వద్దు. అమెరికన్ నర్తకి ఇసడోరా డంకన్ స్టేజీ మీద ఎలా వదులు బట్టలూ పొడుగు గుడ్డలూ వాడేదో బయట కూడా అలాగే వేసుకునేది. 1927 సెప్టెంబరులో, ఫ్రాన్స్‌లోని నీస్ ఊళ్లో, టాపు లేని కారులో వెళ్తుంటే మెడకు చుట్టుకున్న పట్టు స్కార్ఫ్ చక్రంలో చిక్కుకుని ప్రాణం పోయింది. బండి ఎక్కే ముందు తీసి సంచిలో పెట్టుకో.

మడమచప్పుడు:

బట్టల గురించి పెద్దవాళ్లు చెప్పేశారు, నేను చెప్పుల గురించి. నాది ఫ్లమెంకో, కొన్నాళ్లు బాల్‌రూమ్.

బాల్‌రూమ్, లాటిన్ షూలు చూడ్డానికి పార్టీ చెప్పుల్లాగే ఉంటాయి, వేసుకుని బయటికి వెళ్లాలని చెయ్యి లాగుతుంది. వెళ్లకండి. అడుగున ఉండేది స్వేడ్, నూగున్న తోలు. చెక్క నేల మీద ఎంత జారాలో అంతే జారేలా దాని నూగు ఉంటుంది. ఒక్కసారి తడి రోడ్డు మీద నడిస్తే నూగు అణిగి మట్టి పట్టేస్తుంది, బ్రష్షుతో ఎంత గీకినా మునుపటి పట్టు రాదు. ఫ్లమెంకో షూలు ఇంకో రకం గొడవ. మునివేళ్ల కింద, మడమ కింద వరసగా మేకులు కొట్టి ఉంటాయి. టైల్స్ మీద నాలుగడుగులు వేస్తే మీరు జారడమా, ఇల్లుగలవాళ్లు అరవడమా, రెండిట్లో ఏదో ఒకటి ఖాయం.

ఈ దారిలో వీధిలోకి నిజంగా వచ్చి నిలబడింది బ్యాలే చెప్పు. అది కూడా అలాగే రాలేదు, అడుగు మార్చుకున్నాకే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో తోలు చెప్పులకు రేషన్ పెట్టారు. బట్టల డిజైనర్ క్లేర్ మెకార్డెల్ తన దుస్తులకు జతగా కపీజియో కంపెనీ వాళ్ల బ్యాలే స్లిప్పర్లు తీసుకుని, గట్టి అడుగు వేయించింది. తర్వాత 1956లో పారిస్‌లో బ్యాలే చెప్పులు చేసే రోజ్ రెపెటో, సినిమా తార బ్రిజిట్ బార్దో కోసం బయట వేసుకునే బ్యాలే ఫ్లాట్లు చేసింది. బార్దో చిన్నప్పుడు బ్యాలే నేర్చుకున్న మనిషే. బ్యాలేలో మునివేళ్ల మీద నిలబడడానికి వేసే పాయింట్ షూ జోలికి మాత్రం ఎవరూ పోలేదు చూడండి. దాని ముందు భాగం గుడ్డా కాగితం పొరలు జిగురుతో అతికించి గట్టిపరచింది. పెద్ద పాత్ర చేసేవాళ్లకు ఒక్క ప్రదర్శనకే జత మెత్తబడిపోతుంది.

సూదీదారం గారి మాటకు నాదొక సవరణ. ‘దూరానికి చేసినవి వద్దు’ అని మొత్తంగా కొట్టేయలేను. నా దగ్గర ఎర్రటి బట్టపువ్వు ఉంది, తలలో పెట్టుకునేది, అచ్చంగా చివరి వరస కోసమే చేసింది. నల్ల కాలరు చొక్కా, నల్ల ప్యాంటు, జుట్టు బిగించి ముడి, దాని పక్కన ఆ పువ్వు. ఒక్కటే, చెవులకు కూడా ఏమీ లేకుండా. అప్పుడప్పుడు గట్టిగా అరవాలని ఉంటుంది కదండీ, అరవనివ్వండి. మిగతావన్నీ నోరు మూసుకుంటే సరిపోతుంది.

సూదీదారం:

మడమచప్పుడు గారూ, పువ్వు దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. రెండో పువ్వు పెడితే మాత్రం మళ్లీ నాదే గెలుపు.

అడుగుజాడ:

మగవాళ్లెవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. కాంటెంపరరీ, కూచిపూడి రెండూ చేస్తాను. మాకు మిగిలేది తక్కువ. నగలతో ఆఫీసుకు వెళ్తే అడగడం కూడా మానేసి చూస్తూ ఉండిపోతారు. నేను తెచ్చుకున్నవి రెండు. ఒకటి నడుం గుడ్డ. కూచిపూడికి కట్టే జరీ నడుం పట్టీ కాదు, రిహార్సల్లో బిగించి కట్టే నూలు గుడ్డ. వదులు చొక్కా మీద బెల్టుకు బదులు కడతాను. ముడి పక్కకు వస్తుంది, కొసలు జేబులోకి దోపేస్తాను. రెండోది కుట్టిన ధోవతి. కుచ్చిళ్లు సగానికి తగ్గించి, జరీ అంచు తీసేసి, ముదురు ఆకుపచ్చ లినెన్‌లో కుట్టించాను. జేబులు పెట్టమని పోరు పెడితే టైలర్ ‘కాస్ట్యూముకు జేబులేంటి సార్’ అన్నాడు. అదే కదా విషయం! స్టేజీ మీద ఫోనూ తాళాలూ మొయ్యం, బయట మొయ్యాలి. ఏది తెచ్చుకున్నా ముందు జేబు పెట్టించండి, సగం వేషం అక్కడే పోతుంది.

రిహార్సల్ బట్టలను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదేంటి? కాళ్లకు వేసే వామర్లు, ముందుకు చుట్టి కట్టుకునే పొట్టి స్వెటర్, ప్రాక్టీసు చీర. బ్యాలే వాళ్లు కండరాలు చల్లబడకుండా వేసుకునే లెగ్ వామర్లు 1980లలో డ్యాన్సు రానివాళ్లు కూడా వేసుకు తిరిగారు. నాకు తెలిసిన అమ్మాయిలందరికీ ప్రాక్టీసు చీరలే ఎక్కువ నప్పుతాయి. మోకాళ్ల కిందికి ఎత్తి కట్టే పొట్టి నేత చీర, చెమట పీల్చుకుంటుంది, ఎన్నిసార్లు ఉతికినా ఏమీ కాదు. కావాలంటే దాన్ని ప్యాంటు మీద అలాగే కట్టి బయటికి వెళ్లొచ్చు.

పాపిటబిళ్ల:

అందరికీ చాలా థాంక్స్. ఒక్కొక్కటే చెబుతాను.

సూదీదారం గారూ, మీ పోస్టు చదవగానే జాకెట్టు తిరగేసి చూశాను. ఉంది! చంక కింద నలుచదరపు ముక్క. ఇన్నేళ్లు వేసుకున్నాను, అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. ముదురు నీలం ప్యాంటుకు గుడ్డ తీసుకుని, పాత పైజామాను కొలతకు ఇచ్చాను. అడుగుజాడ గారి మాట విని జేబులూ చెప్పాను. రెండు వైపులా.

పాతకాపు అమ్మా, శాలువా బండి మీద వేసుకోను, మాటిస్తున్నాను. మీ పోస్టు మా గురువుగారికి చదివి వినిపించాను. రుక్మిణీదేవి మాట వచ్చినప్పుడు తల ఊపారు, గజ్జెల దగ్గర ‘చూశావా’ అన్నారు. అంటే నెగ్గింది ఎవరో నాకు అర్థం కాలేదు. ఆవిడకు అర్థమైనట్టే ఉంది.

నాణేల పట్టీకి కింది కుట్లు వేయడం మొదలుపెట్టాను గానీ అది ఒక పట్టాన తెమిలేలా లేదు. ఇంకో సందేహం. కాస్ట్యూము జాకెట్టుకు హుక్కులు వెనక ఉన్నాయి, ఆ రోజు అక్క వచ్చి పెట్టింది. రోజూ ఎవరు పెడతారు? ముందుకు మార్పించొచ్చా? టిచ్ బటన్లు వేస్తే సరిపోతుందా?

సూదీదారం:

ముందుకు మార్పించాలంటే ముందు భాగం మధ్యకు కోయాలి, జాకెట్టు మీద జరీ బుటా ఉంటే అక్కడ తెగుతుంది. అందుకని ముందును ముట్టుకోకండి. ఎడమ పక్క కుట్టు చంక కింది నుంచి నడుం దాకా విప్పించి, అక్కడ పట్టీ వేయించి హుక్కులు పెట్టించండి. నలుచదరపు ముక్క జోలికి పోకుండా దాని కింద నుంచే విప్పమని చెప్పండి, లేకపోతే టైలర్ అదీ లాగేస్తాడు. వెనక హుక్కులు మూసి పైనుంచి కుట్టేస్తే సరి. జాకెట్టు మెడలోంచి తల దూరుతుందో లేదో మాత్రం ముందే వేసి చూసుకోండి, మెడ చిన్నదైతే వెనక పైరెండు హుక్కులు కుట్టకుండా ఉంచండి, వాటికి చెయ్యి అందుతుంది. టిచ్ బటన్లు వద్దు. బిగుతు జాకెట్టుకు పక్కన టిచ్ బటన్ పెడితే మొదటి తుమ్ముకే ఊడుతుంది. హుక్కులే, అర అంగుళం ఎడంగా, కాజాలు దారంతో చుట్టించండి, రేకు కాజాలు వద్దు, చర్మానికి గీసుకుంటాయి.